రాసిచ్చిన మాట
(కడప జిల్లా వల్లూరులో చేసిన స్మారకోపన్యాసం)

ఈ స్మారక సభలో అధికారం గురించి, స్వేచ్ఛ గురించి మాట్లాడమన్నారు. ఈ మాటలు ఎత్తగానే గ్రీకుల దగ్గర మొదలుపెట్టి, లండన్, పారిస్ మీదుగా ఢిల్లీ చేరడం మనకు అలవాటైపోయింది. వల్లూరులో నిలబడి అంత దూరం పోవలసిన పని లేదు. పాలించేవాడు ఒక మాట రాసిచ్చాక, దాన్ని తనే తప్పితే అడిగేదెవరు? రాజనీతి చర్చలన్నీ తిరిగి తిరిగి ఈ ప్రశ్న దగ్గరికే వస్తాయని నా నమ్మకం. దీనికి మనవాళ్లు వెతుక్కున్న జవాబులు చాలావరకు ఈ పెన్నా సీమలోనే దొరుకుతాయి.

కలమళ్ల శాసనం మీరంతా ఎరిగిందే. ఎర్రగుంట్లకు దగ్గరే. క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటిని ఏలిన ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి నాటిది. తొలి తెలుగు శాసనమని గర్వంగా చెప్పుకుంటాం. ఆ రాయి బాగా అరిగిపోయింది, మధ్యలో అక్షరాలు పోయాయి. చివర మాత్రం పంచమహాపాతకాల ప్రస్తావన మిగిలింది. దానం చెరిపినవాడికి మహాపాతకాలు చుట్టుకుంటాయని హెచ్చరించడం ఆనాటి శాసనాల పద్ధతి. తర్వాతి శాసనాల్లో ఇది ఇంకా పెరుగుతుంది: కాశీలో గోవును చంపిన పాపం, అరవై వేల ఏళ్లు పురుగై పుట్టడం. ఈ శాపం ఎవరికోసమో ఆలోచించండి. దొంగకు శాపం అక్కర్లేదు, వాణ్ణి పట్టుకోవడానికి రాజభటులున్నారు. రేపు గద్దెనెక్కబోయే రాజును పట్టుకునేవాడే భూమ్మీద లేడు. అందుకే అతణ్ణి నరకానికి అప్పగించారు. తెలుగులో మనకు దొరికిన తొలి రాతలోనే అధికారానికి పగ్గం వేయాలన్న ఆరాటం ఉంది. పగ్గం మాత్రం లేదు.

కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనంలో ఈ ఆరాటం ఒక మెట్టు పైకెక్కింది. గాలివానకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే అంతకుముందు రాజులు దాన్ని స్వాధీనం చేసుకునేవారు. తాను అలా చేయనని, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోనని గణపతిదేవుడు వర్తకులకు మాటిచ్చాడు. ప్రాణం కంటే ధనం ప్రియమని నమ్మి సముద్రానికి తెగించినవాళ్ల మీద దయతోనూ, కీర్తి కోసమూ, ధర్మం కోసమూ అని కారణం కూడా చెప్పాడు. కారణం చెప్పి తన చేతులు తానే కట్టుకున్న రాజును నేను ఎంతో గౌరవిస్తాను. అయితే ఆ కట్టు విప్పుకునే అధికారం కూడా ఆయన దగ్గరే ఉండిపోయింది.

ఆయన కొలువులోని గంగయసాహిణి వంశమే మన వల్లూరును పీఠంగా చేసుకుని ఏలిన కాయస్థులు. జన్నిగదేవుడు, త్రిపురారి తర్వాత 1272లో అంబదేవుడు వచ్చాడు. కాకతీయుల మీద తిరగబడ్డాడు. 1290 నాటి త్రిపురాంతకం శాసనంలో గెలుపులన్నీ ఏకరువు పెట్టాడు, పై ప్రభువు పేరెత్తలేదు. రుద్రమదేవి మరణవార్త తెలిపే చందుపట్ల శాసనం 1289 నవంబరు నాటిది. ఆమె అంబదేవుడితో పోరులోనే కన్నుమూసిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. మన ఊరివాడని అంబదేవుణ్ణి వీరుడిగా చెప్పుకోవడం నాకూ ఇష్టమే. కానీ ఆయన ఓరుగల్లును ధిక్కరించిన నాడు ఇక్కడ అరక కట్టిన రైతుకు ఏం మారింది? పన్ను అడిగే నోరు మారింది. సామంతుడి స్వాతంత్ర్యాన్నీ జనం స్వేచ్ఛనూ ఒకే గాటన కట్టడం మనం మానుకోవాలి.

విజయనగరాన్నీ పాళెగాళ్లనూ దాటి 1800కు వస్తాను. నిజాం ఈ సీమ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చిన థామస్ మన్రో ఎనభైమంది దాకా పాళెగాళ్లను అణచి, రైతుకూ సర్కారుకూ నడుమ జమీందారు వద్దన్నాడు. ఏటా జమాబందీలో రైతు పేరున పట్టా. రాజు మాట మొదటిసారి దానం పట్టినవాడి దగ్గర నుంచి దున్నేవాడి చేతికి వచ్చింది. 1807లో శిస్తు పావువంతు తగ్గించమని మన్రో వాదించాడు కూడా. పైవాళ్లు అప్పుడు వినలేదు. సీమలో పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారంటే ఊరికే పెట్టుకోలేదు.

అదే మన్రో మద్రాసు గవర్నరయ్యాక, 1822లో, పరాయి పాలనకూ స్వేచ్ఛగల పత్రికలకూ పొసగదని రాశాడు. పత్రికలు చదివి సిపాయిలు స్వేచ్ఛ నేర్చుకుంటారని ఆయన భయం. పట్టా ఇస్తాం, ప్రశ్న ఇవ్వం అన్నమాట. ఆ లోటు ఎంతటిదో 1855లో వెలువడిన మద్రాసు చిత్రహింసల విచారణ నివేదికలో కనిపిస్తుంది. శిస్తు కట్టలేని రైతు వేళ్లను రెండు కర్రల మధ్య పెట్టి నొక్కేవారు, ఆ పనిముట్టును కిట్టి అనేవారు. మనిషిని వంచి, తలను కాలి వేళ్లకు తాడుతో కట్టి ఎండలో నిలబెట్టేవారు. ఫిర్యాదు చేద్దామంటే కచేరీ దూరం, ఖర్చు, రోజుల తరబడి పడిగాపులు. దెబ్బతిన్నవాడికి న్యాయం అందే దారి లేకపోవడాన్ని ఆ విచారణ సంఘమే ఎత్తి చూపింది. ఆ రైతు ఇంట్లో పట్టా ఉంది.

1950లో రాజ్యాంగం వచ్చింది. ప్రభుత్వాన్ని ప్రభుత్వం పెట్టిన కోర్టులోనే నిలదీయవచ్చని, అది పౌరుడి హక్కేనని రాసుకున్నాం. నరకం చేయలేని పనిని కోర్టుకు అప్పగించాం. అదైనా వెంటనే జరిగిందా? ఖరక్ సింగ్ అనే మనిషి దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలయ్యాడు. అయినా పోలీసులు హిస్టరీ షీటు తెరిచి, అర్ధరాత్రి తలుపు కొట్టి నిద్రలేపేవారు. రౌడీషీటు అంటే ఏమిటో ఈ ప్రాంతంవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 1962 డిసెంబరులో సుప్రీంకోర్టు రాత్రి సోదాలను మాత్రం కొట్టేసి, మిగతా నిఘాను ఉండనిచ్చింది. మన రాజమండ్రికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు ఒప్పుకోలేదు. వెంట నీడలా పోలీసు ఉంటే మనిషి కదలికకు స్వేచ్ఛ ఉన్నట్టు కాదని, మొత్తం నిఘా నిబంధనే చెల్లదని భిన్నాభిప్రాయం రాశారు. జస్టిస్ షా ఆయనతో కలిశారు. అర్ధ శతాబ్దం దాటాక, 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటిస్తూ సుబ్బారావు దారికే వచ్చింది.

రాజ్యాన్ని కట్టేస్తే చాలునా? ఫ్యాక్షన్ ఊళ్లలో పెరిగినవాళ్లెవరూ చాలుననరు. పోలీస్ స్టేషన్ కంటే దగ్గరగా, వీధి చివరే ఉండే అధికారం ఒకటుంది. ఎవరికి ఓటేయాలో, ఎవరి మీద సాక్ష్యం చెప్పకూడదో అది నిర్ణయిస్తుంది. పౌరహక్కుల నాయకుడు కె. బాలగోపాల్ దీన్ని సూటిగా పట్టుకున్నారు. హక్కులను హరించేది రాజ్యమొక్కటే కాదని, ఉద్యమాల పేరిట జరిగే హింసను కూడా ప్రశ్నించాలని వాదించి, పౌరహక్కుల సంఘం నుంచి బయటికొచ్చి, 1998లో సహచరులతో మానవ హక్కుల వేదికను ప్రారంభించారు. సన్నిహితులతోనే విభేదించాల్సి వచ్చింది. ఆ తెగువ మనకు చాలా అవసరం.

ఇక నేటి మాట. రాష్ట్రంలో భూ హక్కుల చట్టం 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది. భూతగాదాలకు శాశ్వత పరిష్కారం చూపడమే దాని ఉద్దేశమన్నారు. ఆ ఉద్దేశాన్ని నేను కాదనను. కానీ సివిల్ కోర్టుల తలుపు మూసి, అధికారి నిర్ణయం మీద అప్పీలు మరో అధికారికి, ఆపైన హైకోర్టుకు అన్నారు. వల్లూరు రైతుకు కడప కోర్టు మూసి అమరావతి కోర్టు చూపించారు. న్యాయవాదులు రోడ్డెక్కారు. 2024లో చట్టం రద్దయింది.

అయినా రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితా ఉండనే ఉంది. తాతల నాటి పట్టా చేతబట్టుకుని రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్తే, ఈ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందంటారు. ఎప్పుడు చేర్చారో, ఎందుకు చేర్చారో ఆ కౌంటర్‌లోని గుమస్తాకూ తెలియదు. భూమిని జాబితాలో చేర్చకముందే రైతుకు నోటీసు ఇవ్వాలి, కారణం రాతపూర్వకంగా చెప్పాలి, అభ్యంతరం వినడానికి మండల కేంద్రంలోనే గడువుతో కూడిన ఏర్పాటు ఉండాలి. ఈ మూడింటినీ తీర్మానంగా రాసి, సంతకాలు చేసి కలెక్టర్‌కు పంపమని ఈ సభను కోరుతున్నాను. మొదటి సంతకం నేను చేస్తాను.