నిరపాయమైన రక్తము – శిక్షణ పొందిన సేవకులు
(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



విద్యావ్యాప్తిని గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, వసతిగృహనిధిని గూర్చియు పెద్దలు సవిస్తరముగ ప్రసంగించిరి. నాకు నియమింపబడిన విషయము వేఱు. దేశమందలి రక్తనిధులలోను, ఆసుపత్రులలోను పనిచేయువారి శిక్షణమును గూర్చి కొంత మనవి చేసెదను. ఇది వైద్యుల విషయము గదా, మనకేల యని తలంపవలదు. ప్రసవమున రక్తస్రావమైన తల్లికిని, బాటపై ప్రమాదమునకు లోనైన యువకునకును, తలసీమియా వ్యాధిచే రెండుమూడు వారములకొకసారి రక్తమెక్కించుకొనవలసిన పసిబిడ్డకును ఆ రక్తపుసంచియే ప్రాణాధారము. అది దోషయుక్తమైనచో ప్రాణాంతకమును కాగలదు.

రక్తము మనుష్యుని నుండియే మనుష్యునకు రావలయును. 1901వ సంవత్సరమున కార్ల్ లాండ్‌స్టైనరు పండితుడు రక్తమునందలి వర్గభేదములను వెల్లడించెను. ఆ వర్గములకును మన కులములకును సంబంధము లేదు. ఒక తల్లి బిడ్డలే వేర్వేఱు వర్గములవారు కావచ్చును. ముఖమైన నెఱుగని పరకులజుని రక్తము మన ప్రాణము నిలుపవచ్చును. కావున మావారి రక్తమే కావలయునని ఆసుపత్రియందు పట్టుపట్టుట అవివేకము.

మన దేశమున చిరకాలము రక్తము విక్రయవస్తువై యుండెను. ఆకలికై రక్తమమ్ముకొనువాడు తన రోగమును దాచుటలో వింత లేదు. కామన్ కాజ్ అను సంస్థ తెచ్చిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1996 జనవరి 4వ తేదీన తీర్పు చెప్పెను. రెండేండ్లలో ఈ విక్రయమును రూపుమాపవలయుననియు, లైసెన్సు లేక రక్తనిధులు నడువరాదనియు, జాతీయమండలి నొకదాని నేర్పఱచి దాని మూలమున సిబ్బందికి శిక్షణ మిప్పింపవలయుననియు ఆదేశించెను. 1998 జనవరి 1 నుండి రక్తవిక్రయము నిషిద్ధమైనది. అయినను శాసనము దానంతట నది రక్తమును పరీక్షింపదు. ఆ పని మనుష్యులు చేయవలయును. వారెవ్వరో పరిశీలింతము.

మొదటివాడు దాతను ప్రశ్నించువాడు. మన దేశమున సేకరించిన ప్రతి సంచిలోని రక్తమును హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియాలకై తప్పక పరీక్షింపవలయును. కాని అంటువ్యాధి సోకిన తొలిదినములలో ఏ పరీక్షకును అది చిక్కకపోవచ్చును. ఆ వ్యవధిలో రోగిని కాపాడునది దాత చెప్పు సత్యమే. నలుగురిలో నిలబెట్టి యడిగినచో ఎవ్వడును సత్యము చెప్పడు. ఏకాంతమున, తిరస్కారము లేక, రహస్యము దాచుదునను నమ్మకము కలుగునట్లు ప్రశ్నించుట నేర్చుకొనవలసిన విద్య.

రెండవవాడు పరీక్షలు చేసి, రక్తమును భద్రపఱచు టెక్నీషియను. ఎఱ్ఱకణములను 2 నుండి 6 డిగ్రీల చల్లదనమున నుంచవలయును. ప్లేట్‌లెట్లను 20 నుండి 24 డిగ్రీలలో నెల్లప్పుడు కదలించుచుండవలయును. ఈ భేద మెఱుగనివాడు రెంటిని ఒకే పెట్టెలో నుంచి దాత శ్రమను వ్యర్థము చేయును.

మూడవవారు ఆసుపత్రి నర్సులును, సంచిని మోసికొని వచ్చు పనివారును. శిక్షణలో తఱచుగ మఱువబడువారు వీరే. రక్తము నిర్దుష్టమైనను, ఒకరికి చేరవలసినది మఱియొకరికి చేరినచో నిమిషములలో ప్రాణము మీదికి వచ్చును. “మీరు రామయ్యగారేనా?” యని యడిగిన జ్వరపీడితుడు దేనికైనను ఔననును. “మీ పేరేమి?” యని యడిగి, ఆ పేరును, సంఖ్యను సంచిపై చీటీతో సరిచూడవలయును. మొదటి పదునైదు నిమిషములు రోగిని విడిచి పోరాదు. సంచి చల్లగ నున్నదని వేడినీట ముంచరాదు. ముంచినచో కణములు పగిలి విషతుల్యమగును. ఇవి యంత్రములు లేకయే నేర్పదగిన సంగతులు.

శిక్షణ మనగా ఒకనాడు ఉపన్యాసము విని యోగ్యతాపత్రము పుచ్చుకొనుట గాదు. చేతితో చేయించి చూడవలయును. ఏటేట మరల పరీక్షింపవలయును. తప్పు జరిగినపుడు దాచక వ్రాసిపంపు ధైర్యమును కలిగింపవలయును. 2012వ సంవత్సరమున ఆరంభమైన హీమోవిజిలెన్సు కార్యక్రమము, రక్తమెక్కించినపుడు కలుగు వికారములను దేశమంతట నుండి సేకరించుటకే యేర్పడినది. తెలిపినవానిని శిక్షించినచో మఱునాటి నుండి ఎవ్వరును తెలుపరు. తప్పు మాత్రము జరుగుచునే యుండును.

ఇక మన సంఘమునకు మూడు విన్నపములు. మన వసతిగృహములలోని బాలబాలికలలో కొందఱినైనను ప్రయోగశాలా టెక్నీషియను విద్యకును, నర్సు విద్యకును విద్యార్థివేతనములిచ్చి పంపుడు. ఇంజనీరు, డాక్టరు పదవులే గౌరవములనుకొనుట తగదు. రెండవది, మన రక్తదాన శిబిరములలో ఇన్ని వందల సంచులు సేకరించితిమని పోటీపడి చాటుకొనుట మానుడు. సంఖ్యకై త్వరపెట్టినచో ప్రశ్నించువానికి తీరిక యుండదు. పదిమందిలో సిగ్గుపడి వచ్చిన యువకుడు నిజము దాచును. తగనివానిని మర్యాదగ త్రిప్పిపంపిన సిబ్బందిని నిందింపక అభినందింపుడు. మూడవది, శిబిరమునకు పిలుచు రక్తనిధి సిబ్బంది ఎట్టి శిక్షణ పొందిరో ముందుగ విచారింపుడు.

మనము దానము చేసిన రక్తము ఎవరిని చేరునో మనమెఱుగము; మనకు రక్తమవసరమైననాడు దాత యెవ్వరో తెలియదు. మన యిరువురి నడుమ నుండు ఆ సేవకుని విద్యావంతుని చేయుట మనయందఱి బాధ్యత.