అంగడి పెద్దది, ఆదాయం ఎవరిది?

చేతిలోని ఫోనుకు నేడు యాప్‌లే ప్రాణం. చైనాను మినహాయిస్తే, ప్రపంచంలో యాప్‌లు దొరికే ప్రధానమైన అంగళ్ళు రెండే. ఆపిల్ సంస్థ తన యాప్ స్టోర్‌ను 2008 జూలైలో సుమారు 500 యాప్‌లతో తెరిచింది. ఆ అక్టోబరులోనే గూగుల్ సంస్థ ఆండ్రాయిడ్ మార్కెట్‌ను ఆరంభించి, 2012లో దానికి గూగుల్ ప్లే అని పేరు మార్చింది. ఇప్పుడు రెండింటిలోనూ యాప్‌లు లక్షల సంఖ్యలో ఉన్నవి.

జనసమ్మర్దం గూగుల్ అంగడిలోనే అధికం. ఆండ్రాయిడ్ ఫోన్లను అనేక సంస్థలు అన్ని తరగతుల వారికీ అందే వెలలలో తయారుచేస్తున్నవి. మన దేశంలో నూటికి తొంభైకి పైగా ఫోన్లు ఆ కోవలోనివే. కనుక ఫోనులోనికి దించుకొనే యాప్‌ల లెక్కలో గూగుల్‌దే పైచేయి. కాని కొనుగోలుదారులు చెల్లించే పైకాన్ని లెక్కిస్తే ఆపిల్ గల్లాయే పెద్దది. ఐఫోను ఖరీదయిన వస్తువు. దానిని కొన్నవారు తక్కువే అయినా, వ్యయం చేయగలవారు. గిరాకీకీ రాబడికీ గల ఈ అంతరం గమనింపదగినది.

ఇక ధరల మాట. యాప్‌లలో అత్యధికం ఉచితమే. ఆదాయం ప్రకటనల వలన, చందాల వలన, ఆటల నడుమ అమ్మే కృత్రిమ నాణెముల వలన వస్తుంది. రూపకర్త అంగడిలో ప్రవేశించడానికి ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు, గూగుల్‌కు ఒకే పర్యాయం 25 డాలర్లు చెల్లించాలి. అసలు భారం అటుపిమ్మటిది. చిరకాలం రెండు అంగళ్ళలోనూ రుసుము నూటికి 30. ఒక యువకుడు తెలుగు అక్షరాలు నేర్పే యాప్‌ను 100 రూపాయలకు అమ్మితే, పన్నుల మాట అటుంచి, అతనికి దక్కేది 70. చిన్న రూపకర్తల మొర ఆలకించి 2021లో ఇరు సంస్థలూ, ఏటా పది లక్షల డాలర్ల లోపు రాబడిపై దీనిని 15కు తగ్గించినవి. బియ్యం, బట్టలు, బాడుగ కారు వంటి వాటికి ఈ రుసుము వర్తించదు.

అంగడివారు సరకును పరీక్షిస్తారు, సొమ్ము వసూలు చేస్తారు, దేశదేశాలకు అందిస్తారు. అందుకు ప్రతిఫలం కోరడం అన్యాయం కాదు. మరొక ద్వారం లేకపోవడమే వివాదానికి మూలం. గూగుల్ చెల్లింపు నిబంధనలపై మన పోటీ కమిషన్ 2022 అక్టోబరులో 936 కోట్ల రూపాయల జరిమానా విధించింది. 2025 మార్చిలో అప్పీలు న్యాయస్థానం దానిని సుమారు 217 కోట్లకు తగ్గించింది. ఐరోపా సమాఖ్యలో 2024 మార్చి నుండి ఐఫోనులో అన్య అంగళ్ళకు చోటు లభించింది. అదే ఏడాది ఫిబ్రవరిలో మన దేశంలో ఫోన్‌పే సంస్థ, తెలుగుతో సహా 12 భారతీయ భాషలలో ఇండస్ యాప్‌స్టోర్‌ను ప్రారంభించింది.

అంగడి గొప్పదనానికి సరకుల రాశి ఒక్కటే కొలమానం కాదు. అమ్మినవానికి ఎంత మిగిలింది, కొన్నవానికి ఎన్ని దారులున్నవి అన్నవే సరియైన తూనికలు. ఇంట పిల్లల చేతికి ఫోను ఇచ్చే పెద్దలు కూడ, “ఉచితం” అన్న మాట వెనుక ఏ చందా దాగియున్నదో ఒకసారి చూడడం మేలు.