గృహరూపము - జనాభిరుచి



ఈ మహాసభయందు విద్యార్థి వసతిగృహ నిర్మాణమును గూర్చి చర్చ జరుగనున్నది. ధనవిషయము పెద్దలు సెలవిచ్చెదరు. దాని రూపమును గూర్చి నేను రెండు మాటలు మనవి చేసెదను.

ఒక కట్టడమును చూచినంతనే బాగున్నదనియో, బాగులేదనియో తీర్పు చెప్పుదుము. ఆ తీర్పును మనచేఁ బలికించునది పుట్టి పెరిగిన సంస్కారము. జపాను దేశమునందలి ఇసే దేవాలయమునకు రంగు పూయని కొయ్యయు గడ్డికప్పును మాత్రమే కలవు. ఇరువది సంవత్సరముల కొకమాఱు దానిని క్రొత్తగాఁ గట్టుదురు. 2013లో 62వ పర్యాయము కట్టిరి. వారికి నిరాడంబరతయే సౌందర్యము, నూతనత్వమే పవిత్రత. మన కాకతీయ సేనాని రేచర్ల రుద్రుఁడో, 1213లో పాలంపేట యందు రామప్పగుడిని శిలతోఁ గట్టించి, స్తంభములను దూలములను శిల్పముతో నింపించెను. మనకు నిండుదనమే శోభ, చిరస్థాయిత్వమే గౌరవము. ఇరువురును రసజ్ఞులే.

సంస్కారము మాఱుటయుఁ గలదు. పారిసు నగరమున ఈఫెలు గోపురమును కట్టుచుండఁగా, 1887లో అచ్చటి రచయితలు, కళాకారులు పెక్కండ్రు అది వికారమని పత్రికాముఖమున నిరసించిరి. 1889లో పూర్తియైన ఆ గోపురమే నేఁడు ఆ నగరమునకుఁ జిహ్నము. చూడఁగాఁ జూడఁగాఁ గన్ను నేర్చుకొనును.

నేర్చినట్లే మఱచుటయుఁ గలదు. మన కృష్ణా గోదావరీ మండలముల మండువా లోగిలిని స్మరింపుఁడు. నడుమ ఆకాశమునకుఁ దెఱచిన మండువా, చుట్టును వసారాలు. వేఁడిగాలి పైకిఁ బోవును, వెలుతురు లోనికి వచ్చును, పదిమంది కూర్చుండుటకుఁ దావుండును. నేఁటి యువకులు పెక్కురు దానిని పాతకాలపుదని త్రోసివేసి, అద్దములు బిగించిన మేడ ముఖమునే అందమనుచున్నారు. ఎండకై యెదురుచూచు శీతదేశములకు అద్దము హితమే. మన వైశాఖపు టెండలో ఆ యిల్లు కొలిమి యగును; దానిని చల్లార్చుటకు విద్యుత్తునకై నిత్యవ్యయము.

పాతదంతయు మేలని నా వాదము గాదు. సిమెంటును, ఇనుమును వాడుదము. అయితే దారిన పోవువారి మెప్పునకుఁ గాక, లోపల వసించు బాలబాలికల సుఖమునకుఁ గట్టుదము. నడుమ మండువాయు, చుట్టును వసారాయు నుంచవలెనని నా ప్రార్థన. విద్యుత్తు ఆగిన వేసవి మధ్యాహ్నమున సైతము పేదయింటి బిడ్డ అచ్చటఁ గూర్చుండి చదువుకొనఁగలఁడు. అట్టి యింటఁ బెరిగిన కన్ను, రేపు తాను ఇల్లు కట్టుకొనునపుడు దానినే అందమని యెన్నుకొనును.

నిర్మాణసంఘమువారు ఈ మనవిని ఆలకింతురు గాక!