రాకెట్ ఎడమకే ఎందుకు తిరుగుతోంది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వెనక నిలబడిన పిల్లలూ, కాస్త ముందుకు రండి. ఇవాళ నేను మాట్లాడేది మీ గురించే.

1983లో నేను ఎనిమిదో తరగతి. నా నోటు పుస్తకాల్లో మధ్య పేజీలు ఉండేవి కావు, అన్నీ రాకెట్లయిపోయేవి. ఒకరోజు సైన్సు క్లాసులో నేను విసిరిన రాకెట్ నేరుగా వెళ్లి మాస్టారి బల్ల మీద వాలింది. బెత్తం లేస్తుందని అందరం ఊపిరి బిగబట్టాం. ఆయన రాకెట్ తీసి రెండుసార్లు విసిరి చూశారు. "ఒరేయ్, ఇది ఎప్పుడూ ఎడమకే ఎందుకు తిరుగుతోందిరా?" అన్నారు. నాకు తెలియదన్నాను. "అయితే తెలుసుకుని రేపు చెప్పు" అన్నారు.

ఆ రాత్రి ఏడు రాకెట్లు చేశాను. చివరికి దొరికింది. కుడి రెక్క వెనక అంచు కాస్త కిందికి వంగి ఉంది. అందువల్ల కుడి రెక్కకు ఎక్కువ గాలి ఊతం అంది, అది పైకి లేచి, రాకెట్ ఎడమకు ఒరుగుతోంది. అంచు సరిచేస్తే తిన్నగా వెళ్లింది. ముప్పై ఏళ్లుగా మోటార్లతో, వాటిని అదుపు చేసే సర్క్యూట్లతో బతుకుతున్నాను. నా ఇంజినీరింగు చదువు మొదలైంది కాలేజీలో కాదు, ఆ రాత్రే. ఆ మాస్టారు ఇవాళ మన మధ్య లేరు. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది.

నాలుగు నెలల కిందట డల్లాస్ నుంచి మా బ్యాచ్ మిత్రుడు ఫోన్ చేశాడు. "మా అమ్మాయి హైస్కూల్లో ఉండగానే డ్రోన్ పైలట్ పరీక్ష పాసైందిరా. మన బడికి ఒక పెద్ద డ్రోన్ కొనిద్దాం, ఖర్చు నాది" అన్నాడు. అంత మంచి మనసుకు కాదని ఎలా చెప్పను? సంఘం కార్యవర్గం నా అభిప్రాయం అడిగింది. ఆ అభిప్రాయమే ఈ ప్రసంగం.

ముందు చట్టం సంగతి. అమెరికాలో 16 ఏళ్లు నిండితే ఆ పైలట్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. మన దేశంలో 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్‌కు 18 ఏళ్లు నిండాలి, పదో తరగతి పాసై ఉండాలి, డీజీసీఏ ఆమోదించిన శిక్షణ సంస్థలో నేర్చుకోవాలి. అంటే మన బడి పిల్లల్లో ఎవరికీ ఆ సర్టిఫికెట్ రాదు. అయితే తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు. రెండు కిలోల లోపు మైక్రో డ్రోన్‌ను వ్యాపారానికి కాకుండా ఎగరేసినా అక్కర్లేదు. ఎక్కడ ఎగరేయవచ్చో డిజిటల్ స్కై మ్యాప్‌లో రంగులు చూసి తెలుసుకోవాలి. గ్రీన్ జోన్‌లో కూడా 400 అడుగులు దాటకూడదు.

ఇక నా తప్పు సంగతి. ఇది చెప్పకపోతే మిగతాది చెప్పే హక్కు నాకు లేదు. మూడేళ్ల కిందట వేరే ఊళ్లో ఒక బడికి డ్రోన్ పట్టుకెళ్లాను. రెక్కలకు రక్షణ చట్రం పెట్టలేదు. బ్యాటరీ తగిలించి, రిమోట్ చేత్తో పట్టుకుని, పక్కనున్న టీచరుతో మాట్లాడుతున్నాను. ఒక అబ్బాయి ముచ్చటపడి డ్రోన్‌ను చేతుల్లోకి తీసుకున్నాడు. నా బొటనవేళ్లు పుల్లల మీద కదిలాయి, మోటార్లు తిరిగాయి. వాడి వేలికి నాలుగు కుట్లు పడ్డాయి. సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ నా మీద కేకలేయలేదు. "ఆ పిట్టను పిల్లల మధ్య పెట్టే ముందు అది కరుస్తుందని చెప్పలేదా బాబూ?" అంది. పాతికేళ్లు పైబడిన అనుభవం ఉన్న ఇంజినీరుని. నా దగ్గర జవాబు లేదు.

వేలు మానింది, వాడు బాగానే రాస్తున్నాడు. కానీ నేను ఎగరేయడం ముందు నేర్పాలని చూశాను, అది తప్పు. ఎగరడం చివరి పాఠం. అందుకే మన బడికి నేను చెప్పే వరస ఇది.

ఆరు, ఏడు తరగతుల్లో కాగితం, బాల్సా చెక్క గ్లైడర్లు. ముక్కు దగ్గర చిన్న మట్టిముద్ద అంటిస్తే ఎందుకు బాగా ఎగురుతుందో చూస్తే, గరిమనాభి అన్నమాట బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ఎనిమిదిలో మోటారు, బ్యాటరీ. వంటింటి కాటా మీద మోటారు బిగించి, అది ఎన్ని గ్రాముల బలంతో తోస్తుందో కొలవాలి. 1,200 గ్రాముల డ్రోన్ గాలిలో నిలవాలంటే నాలుగు మోటార్లలో ఒక్కోటి 300 గ్రాములు మోయాలి. పైకి లేవడానికి, గాలి కొడితే తట్టుకోవడానికి ఒక్కోటి 600 దాకా మోయగలిగితే మేలు. నాలుగింటిలో రెండు గడియారం తిరిగే వైపు, రెండు ఎదురు వైపు ఎందుకు తిరుగుతాయో వాళ్లే కనిపెట్టాలి. అన్నీ ఒకవైపే తిరిగితే డ్రోన్ ఒళ్లు బొంగరంలా ఎదురు తిరుగుతుంది. లిథియం బ్యాటరీ ఒక్కో సెల్లు 4.2 వోల్టులు దాటి ఛార్జ్ చేయకూడదని, ఉబ్బితే మళ్లీ వాడకూడదని, పక్కన ఇసుక బకెట్ ఉండాలని అప్పుడే చెప్పాలి.

తొమ్మిదిలో కంప్యూటర్ మీద సిమ్యులేటర్. అక్కడ వందసార్లు కూల్చినా ఎవరికీ దెబ్బ తగలదు. తర్వాతే రక్షణ చట్రం ఉన్న నానో డ్రోన్, అదీ కళ్లద్దాలు పెట్టుకుని, టీచరు పక్కన ఉండగా. పదిలో మ్యాపు చదవడం, నిబంధనలు చదవడం, ఊరి చెరువు విస్తీర్ణం ఫొటోల నుంచి లెక్కకట్టడం.

తల్లిదండ్రులకు ఒక మాట. డ్రోన్లకు పని ఉంది, కాదనను. 2020లో మొదలైన స్వామిత్వ పథకంలో ఊళ్లలోని ఇళ్ల స్థలాలను డ్రోన్లే కొలుస్తున్నాయి. 2021 సెప్టెంబరులో వికారాబాద్‌లో మందులు, టీకాలు డ్రోన్లతో పంపి చూశారు. నమో డ్రోన్ దీదీ పథకం 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని పెట్టుకున్నది. కానీ సర్టిఫికెట్ ఒక్కటే ఉద్యోగం కాదు. పురుగుమందు చల్లేవాడికి పంట తెలియాలి, సర్వే చేసేవాడికి మ్యాపు తెలియాలి, ఇద్దరికీ రిపేరు తెలియాలి. పదో తరగతి పిల్లాడికి సర్టిఫికెట్ ఇప్పిస్తామని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి. డీజీసీఏ జాబితాలో ఆ సంస్థ పేరుందో లేదో ముందు చూడండి.

పెద్ద విమానం నడపాలన్న కోరిక ఉన్న పిల్లలకు ఇంకో మాట. కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కు ఇంటర్‌లో గణితం, ఫిజిక్స్ ఉండాలి, 18 ఏళ్లు నిండాలి, 200 గంటలు ఎగరాలి. ఖర్చు చాలా లక్షలు. అందుకని పొలం అమ్మకముందే వైద్య పరీక్ష చేయించండి. కంటిచూపు, రంగుల గుర్తింపులో ఇబ్బంది ఉంటే అది ముందే తెలియాలి, ఎకరం పోయాక కాదు. డబ్బు లేని వాళ్లకు ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉంది. ఇంటర్ తర్వాత ఎన్‌డీఏ ఉంది, దానిలో ఇప్పుడు అమ్మాయిలకూ చోటుంది. విమానాలు బాగుచేసే ఇంజినీరింగు ఉంది. ఎగిరేవాళ్లు ఒక్కరైతే, నేల మీద ఉండి ఎగరనిచ్చేవాళ్లు చాలామంది కావాలి.

కాబట్టి డల్లాస్ మిత్రుడికి నేను చెప్పింది ఇది. పెద్ద డ్రోన్ వద్దురా, అది బీరువాలో పడుంటుంది. ఆ డబ్బుతో ఒక గదికి బల్లలు, కాటాలు, సోల్డరింగ్ సామాను, రెండు కంప్యూటర్లు, నాలుగు చిన్న డ్రోన్లు వస్తాయి. మిగిలినది మన సైన్సు టీచర్ల శిక్షణకు పెడదాం. వాడు కాసేపు ఆలోచించి, "సరే, కానీ గదికి మాస్టారి పేరు పెట్టాలి" అన్నాడు. అంతకన్నా ఏం కావాలి?

డబ్బొక్కటే సరిపోదు. ఈ సభలో ఇంజినీర్లు, ఎలక్ట్రీషియన్లు, మెకానిక్కులు ఉన్నారు. ఏడాదికి ఒక్క శనివారం ఆ గదిలో కూర్చోండి. నేను ప్రతి నెలా మొదటి శనివారం వస్తాను. ఇది మీ అందరి ఎదుట ఇస్తున్న మాట. రాకపోతే మీరే అడగండి.

వెనకున్న పిల్లలూ, నేను మాట్లాడుతున్నంతసేపూ మీలో ఒకడు నా కాగితాల కట్టలోంచి ఒకటి లాగి రాకెట్ చేశాడు. చూశాను. కోప్పడను. అది కుడికి తిరిగింది. ఎందుకో తెలుసుకుని, వచ్చే శనివారం నాకు చెప్పు నాన్నా.