42 లోంచి 31 తీసేస్తే ఎంత?

ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఒకటే: "బ్రో, రన్నింగ్ చేసేవాళ్ళు అన్నం మానేయాలా?" ఒక్క మాటలో జవాబు చెప్పేయొచ్చు. కానీ నేను చేసిన తప్పు చెప్తే బాగా అర్థమవుతుంది, అక్కడి నుంచే మొదలుపెడతా.

నా ఫస్ట్ ఫుల్ మారథాన్ హైదరాబాద్‌లోనే. ఆగస్టు నెల, నెక్లెస్ రోడ్డులో స్టార్ట్, గచ్చిబౌలి స్టేడియంలో ఫినిష్. మధ్యలో ఫ్లైఓవర్లు, ఉక్కపోత. మా నాన్నకి షుగర్ ఉంది. ఆ భయంతో, ఏవో రెండు మూడు వీడియోలు చూసి, రేసుకి నెల ముందే అన్నం ఆపేశా. గుడ్లు, పనీర్, పల్లీలు, అంతే. బరువు తగ్గింది, అద్దంలో బాగున్నా, ఫుల్ హ్యాపీ. ముందు రోజు రాత్రి అమ్మ కంచంలో అన్నం పెట్టి, "అంత దూరం పరిగెత్తేవాడివి, నాలుగు ముద్దలు తినరా" అంది. "నీకు తెలీదమ్మా, కార్బ్స్ మంచివి కావు" అన్నా. ఏం మాట్లాడకుండా కంచం తీసేసింది.

25 కిలోమీటర్ల దాకా బానే ఉంది. 31 దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. నొప్పి కాదు, కరెంటు పోయినట్టు. దానికంటే భయం వేసిందేంటంటే, 42 లోంచి 31 తీసేస్తే ఎంతో నాకు రాలేదు. రెండుసార్లు ట్రై చేశా, రాలేదు. ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయా. ఎవరో ఒకాయన అరటిపండు, చల్లటి కూల్‌డ్రింక్ ఇచ్చారు. పావుగంటలో తల తేలికపడింది, లెక్క కూడా వచ్చింది. కాళ్ళు మాత్రం రాలేదు. రేసు అక్కడే ఆపేసి ఆటోలో ఇంటికెళ్ళా. అమ్మ ఏమీ అడగలేదు. పెరుగన్నం కలిపి పెట్టింది.

తల ఎందుకు తేరుకుంది, కాళ్ళు ఎందుకు తేరుకోలేదు? మొత్తం విషయం ఇందులోనే ఉంది.

మనం తిన్న అన్నం, ఇడ్లీ, అరటిపండు గ్లూకోజ్‌గా మారి, మిగిలింది గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది శరీరం. కండరాల్లో సుమారు 400 గ్రాములు, కాలేయంలో సుమారు 100 గ్రాములు. గ్రాముకి 4 కేలరీలు, అంటే మొత్తం 2,000. ఇక ఖర్చు చూడండి. కిలోమీటరుకి, మన బరువులో ప్రతి కిలోకీ దాదాపు ఒక కేలరీ. నేను 65 కిలోలు. 42 కిలోమీటర్లకి 2,700 పైనే. ట్యాంక్ నిండా ఉన్నా చాలదు, నేనేమో నెల రోజులుగా సరిగ్గా నింపనేలేదు.

"మరి కొవ్వు ఉంది కదా?" ఉంది, బోలెడు ఉంది. పది కిలోల కొవ్వంటే డెబ్బై వేల కేలరీలు. కానీ అది బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిది, తీయడానికి టైం పడుతుంది. గ్లైకోజెన్ జేబులో డబ్బు. వేగం పెంచేకొద్దీ జేబులోంచే తీస్తాం. కార్బ్స్ మానేస్తే శరీరం కొవ్వు వాడటం నేర్చుకుంటుంది, నిజమే. కానీ అదే స్పీడ్‌కి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, రేసులో అది నష్టమే.

ఇంకో మెలిక. కండరంలో ఉన్న గ్లైకోజెన్ ఆ కండరానికే. చేతిలో మిగిలిందని కాలు అప్పడగలేదు. రక్తంలోకి గ్లూకోజ్ వదిలి మెదడుకి పంపేది కాలేయం. అది ఖాళీ అయితే తల తిరుగుతుంది, లెక్కలు రావు. కూల్‌డ్రింక్ తాగగానే రక్తంలో చక్కెర పెరిగి తల కుదుటపడింది. కాళ్ళ స్టాక్ మాత్రం ఫుట్‌పాత్ మీద పావుగంటలో నిండదు కదా.

దీని మీద నాకు చాలా ఇష్టమైన ప్రయోగం ఒకటుంది. 1966లో స్వీడన్ సైంటిస్టులు బెర్గ్‌స్ట్రామ్, హల్ట్‌మన్ తమ మీదే చేసుకున్నారు. ఒకే సైకిల్‌కి అటొకరు ఇటొకరు కూర్చుని, చెరో కాలితో అలిసిపోయేదాకా తొక్కారు. తర్వాత మూడు రోజులు కార్బ్స్ బాగా తిని, కండరంలోకి సూది గుచ్చి ముక్క తీసి చూశారు. తొక్కిన కాలిలో గ్లైకోజెన్, తొక్కని కాలితో పోలిస్తే దాదాపు రెట్టింపు! కార్బ్ లోడింగ్ అంటున్నామే, దానికి పునాది అదే.

తర్వాతి ఏడాది ఏం చేశానో చెప్తా. రేసుకి ముందు రెండు రోజులు, బరువులో కిలోకి 8 గ్రాముల చొప్పున, నాకు 520 గ్రాముల కార్బ్స్. వండిన అన్నం 100 గ్రాముల్లో 28 గ్రాములే ఉంటాయి, అన్నంతోనే లాగాలంటే కిలోముప్పావు పైన తినాలి! కాబట్టి ఇడ్లీ, అరటిపళ్ళు, జ్యూస్, అటుకులు అన్నీ కలిపా. నూనె, పీచు తగ్గించా. గోంగూర కూడా వద్దన్నా, అమ్మకి అది మాత్రం నచ్చలేదు. బరువు కిలోన్నర పెరిగింది. కంగారు పడకండి, గ్రాము గ్లైకోజెన్‌తో పాటు మూడు గ్రాముల దాకా నీళ్ళు చేరతాయి.

రాత్రి నిద్రలో కాలేయం స్టాక్ తగ్గిపోతుంది. అందుకే తెల్లవారుజామున రెండున్నరకే లేచి ఇడ్లీలు, తేనె తిన్నా. దారిలో గంటకి 50 గ్రాములు. 750 మిల్లీలీటర్ల బాటిల్లో 50 గ్రాముల పంచదార, నిమ్మరసం, పావు చెంచా ఉప్పు. ఖరీదైన జెల్స్ ఉంటే మంచిదే, లేకపోతే ఇది చాలు. పంచదారలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. పేగులు గ్లూకోజ్‌ని గంటకి 60 గ్రాముల దాకానే పీల్చుకుంటాయి, ఫ్రక్టోజ్‌ది వేరే దారి. అందుకే రెండూ కలిపితే కొందరు 90 దాకా వెళ్తారు. కానీ పొట్టకి కూడా ట్రైనింగ్ కావాలి. నేను ప్రాక్టీసులో మొదటిసారి తాగినప్పుడు సగం దారిలో పెట్రోల్ బంక్ బాత్‌రూమ్ వెతుక్కున్నా. 30తో మొదలుపెట్టండి, రేసు రోజు కొత్తవి వద్దు.

అయితే ఒకటి, ఇదంతా గంటన్నర దాటే పరుగుకి. రోజూ 5 కిలోమీటర్లు పరిగెత్తేవాళ్ళకి మామూలు భోజనం చాలు. మా నాన్నలా షుగర్ ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా ఇందులో ఒక్కటి కూడా చేయొద్దు.

ఆ ఏడాది 31 దగ్గరికి రాగానే మనసులో లెక్క వేసుకున్నా. పదకొండు. వచ్చేసింది. 4 గంటల 52 నిమిషాలకి స్టేడియంలోకి వెళ్ళా. అమ్మకి ఫోన్ చేస్తే, "ఏం తిన్నావు?" అంది.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో నీళ్ళు, ఉప్పు గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి.