అరవై దాటాక ముంజేతి బలం

(ఏలూరులో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ఉపన్యాసం)



కొల్లేటిలో విసురు వల వేసే మనిషిని చూసినవాళ్ళు ఈ సభలో చాలామందే ఉంటారు. దోనె ముందు భాగాన నిలబడతాడు. తాడు కొసన ఉన్న ఉచ్చును ఎడమ మణికట్టుకు తగిలించుకుంటాడు. తాడంతా చుట్టలు చుట్టి అదే చేతిలోకి తీసుకుంటాడు. వలలో కొంత మోచేతి మీద వేసుకుని, అంచు వెంట ఉన్న బరువు గుళ్ళను కుడిచేత్తో పట్టుకుంటాడు. నడుము ఒక్కసారి తిప్పి వదిలాడంటే వల గుండ్రంగా విచ్చుకుని నీళ్ళ మీద పడుతుంది. చూసేవాళ్ళకు అదంతా మణికట్టు మహిమ అనిపిస్తుంది గానీ, విసిరే బలం చాలావరకు కాళ్ళదీ నడుముదీ. మణికట్టుకు అసలు పని ఆ తరవాతే. తడిసి బరువెక్కిన వలను బురదతో, నాచుతో, చేపలతో సహా, జారే తాడు మీద పట్టు సడలకుండా మూరెడు మూరెడు పైకి లాగాలి.

తల నెరిసినవాళ్ళు కూడా ఆ వల లాగుతున్నారు. అదే వయసులో కుర్చీ ఉద్యోగం నుంచి రిటైరైన మనిషి మందు సీసా మూత తియ్యడానికి మనవణ్ణి పిలుస్తున్నాడు.

ముందు ఒక చిన్న పని చేసి చూడండి. ఎడమచేత్తో కుడి ముంజేతిని మోచేతికి కాస్త దిగువన పట్టుకుని, కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటీ ముడవండి. వేలు ఇక్కడ కదులుతుంటే కండ అక్కడ కదులుతుంది. అరచేతిలో చిన్న కండరాలు కొన్ని ఉన్నా, గట్టి పట్టుకు కావలసిన పెద్దవన్నీ ముంజేతిలోనే ఉన్నాయి. తోలుబొమ్మ తెర మీద ఆడుతుంటే ఆడించేవాడు వెనక ఉన్నట్టన్నమాట. కండ నుంచి వేలి దాకా పోయే తెల్లటి తాళ్ళను వైద్యులు స్నాయువులంటారు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలున్నాయి. వాటి ముందున్న ఇరుకు దారిలోంచి తొమ్మిది స్నాయువులూ ఒక నరమూ కలిసి వెళతాయి. అందుకని మణికట్టు బలం పెంచుకోవాలంటే మేపవలసింది ముంజేతిని.

ఇంకొకటి కూడా చూడండి. పిడికిలి బిగిస్తే మణికట్టు తనంతట తనే కొద్దిగా వెనక్కి వంగుతుంది. ముంజేతి వీపువైపున్న కండరాలు దాన్ని అలా నిలబెడితేనే వేళ్ళకు పట్టు దొరుకుతుంది. మణికట్టును పూర్తిగా ముందుకు వంచి పిడికిలి బిగించమంటే పట్టు చప్పున సడలిపోతుంది. పొద్దున్నే స్పాంజి బంతి నొక్కుతూ నడిచేవాళ్ళు మన ఊళ్ళో కనిపిస్తుంటారు. తప్పు లేదు. కాకపోతే ఆ బంతితో ముంజేతి లోపలి వైపుకే ఎక్కువ పని. వీపువైపుకు అంత మేత అందదు. టెన్నిస్ రాకెట్ ఎప్పుడూ పట్టనివాళ్ళకు కూడా వచ్చే 'టెన్నిస్ ఎల్బో' నొప్పి పుట్టేది ఆ వీపువైపు కండరాలు మోచేతి ఎముకను పట్టుకున్న చోటే.

పట్టును కొలిచే పరికరం పేరు డైనమోమీటర్. మన దేశంలో 45 ఏళ్ళు పైబడినవారి మీద 2017-18లో జరిగిన 'లాసి' సర్వేలో రక్తపోటుతో పాటు పట్టు బలాన్నీ కొలిచారు. ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో ఒక గీత గీసింది. మగవాళ్ళకు 28 కిలోలు, ఆడవాళ్ళకు 18 కిలోలు. అంతకంటే తగ్గితే కండ బలం క్షీణించిందని లెక్క. 2015లో 'లాన్సెట్' పత్రికలో వచ్చిన ప్యూర్ అధ్యయనం మరీ పేరు పొందింది. మన దేశం సహా 17 దేశాల్లో దాదాపు లక్షా నలభై వేల మందిని చూస్తే, పట్టు ఐదు కిలోలు తగ్గినచోట మరణ ప్రమాదం సుమారు 16 శాతం ఎక్కువగా కనిపించింది. ఆ ప్రమాదాన్ని పై రక్తపోటు కంటే పట్టే ఎక్కువగా పసిగట్టిందని కూడా వాళ్ళు రాశారు.

ఈ మాట పట్టుకుని, గ్రిప్పర్ కొని నొక్కితే ఆయుష్షు పెరుగుతుందని అమ్మేవాళ్ళు అమ్ముతున్నారు. ఆ అధ్యయనం చెప్పింది అది కాదు. ఒళ్ళంతా కండ తగ్గుతుంటే దాని జాడ చేతిలో తొందరగా తెలుస్తుంది, అంతే. కాళ్ళనూ నడుమునూ వదిలేసి పిడికిలి ఒక్కదాన్నే బలిపిస్తే పరికరం మీద అంకె పెరగవచ్చు, మెట్లెక్కేటప్పుడు ఆయాసం మాత్రం అలాగే ఉంటుంది. మరి ముంజేతిని ఎందుకు పట్టించుకోవాలి? మూత తియ్యడానికి, గ్యాస్ సిలిండర్ జరపడానికి, బస్సులో కడ్డీ వదలకుండా నిలబడటానికి. ఈ కారణాలు చాలవా?

చేతి బలం ఒకే రకం కాదని మన ప్రాంతపు పనులు చూస్తే తెలుస్తుంది. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో ముఠా కార్మికుడు బస్తాకు కొక్కెం తగిలించి వీపు మీదికి లాక్కుంటాడు. అది కొన్ని క్షణాల పట్టు, బరువు మాత్రం చాలా ఎక్కువ. కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువుల్లో మేత వేసేవాళ్ళు చిల్లులు పెట్టిన బస్తాల్లో డీఓబీ, అంటే నూనె తీసిన తవుడు, నింపి, పడవ మీద వెళ్ళి చెరువులో పాతిన కర్రలకు కడతారు. ఎత్తడం, మెలితిప్పడం, ముడెయ్యడం అన్నీ ఊగే పడవ మీదే. ఇక మన ఏలూరు తంగెళ్ళమూడి తివాచీల దగ్గరికొద్దాం. నేతగాళ్ళు పడుగు పోగులకు ఉన్ని చుట్టి ముడేసి, కత్తితో తెంచి, వరస నిండగానే ఇనుప దువ్వెనతో దట్టిస్తారు. ఒక్కో ముడికి కావలసిన బలం బహు తక్కువ. కానీ రోజుకు వేల ముళ్ళు. వేళ్ళ నేర్పు అపారంగా పెరుగుతుంది, బలం ఆ పాళ్ళలో పెరగదు, కీళ్ళ నొప్పి మాత్రం మిగులుతుంది. తక్కువ బరువును రోజంతా తిప్పినంత మాత్రాన బలం రాదని ఏ పుస్తకం కంటే ఆ మగ్గమే బాగా చెబుతుంది.

ఇంట్లోనూ ఇంతే. రుబ్బురోలు, తిరగలి, రోకలి, బావిచేద పోయి మిక్సీ, మోటారు వచ్చాయి. వాటితో పాటే ఆడవాళ్ళ ముంజేతుల పనీ పోయింది. మళ్ళీ రోలు తెచ్చుకుంటే అన్నీ సర్దుకుంటాయని వేదికల మీద చెప్పేవాళ్ళలో దాంట్లో రోజూ రుబ్బినవాళ్ళు తక్కువ. ఆ పొత్రం తిప్పిన తరానికి గట్టి చేతులతో పాటు నడుం నొప్పి, భుజం నొప్పి కూడా దక్కాయి. కావలసినది ఆ చాకిరీలో ఉన్న బరువే. దాన్ని వారానికి రెండు మూడు సార్లు కొద్దిసేపు, లెక్కగా తీసుకుంటే చాలు.

ఈ వయసులో కండ వస్తుందా అనేది అందరి అనుమానం. 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధుల ఆశ్రమంలో తొంభై ఏళ్ళ చుట్టూ ఉన్న పదిమంది చేత ఎనిమిది వారాలు తొడ కండరాలకు గట్టి బరువులతో వ్యాయామం చేయించారు. బలం సగటున 174 శాతం పెరిగింది. అది కాలి లెక్క, చేతిది కాదు. కానీ కండ స్వభావం రెండు చోట్లా ఒకటే. చేతికీ సాక్ష్యం ఉంది. రుమటాయిడ్ కీళ్ళవాతంతో చేతులు నొప్పిపెట్టి పనులకు ఇబ్బంది పడుతున్న దాదాపు 490 మంది మీద బ్రిటన్‌లో జరిపిన పరీక్ష 2015లో వెలువడింది. నిపుణుల పర్యవేక్షణలో సాగదీత, బలం పెంచే వ్యాయామాలు చేసినవారి చేతులు పనులకు మెరుగ్గా పనికొచ్చాయి.

బరువులు మన నేలకు కొత్తేమీ కావు. పక్క కృష్ణా జిల్లాలో పుట్టిన దండమూడి రాజగోపాలరావు 1948 లండన్ ఒలింపిక్స్‌లో బరువులెత్తి, 1963లో వచ్చిన 'నర్తనశాల'లో భీముడయ్యారు. అప్పటికి ఆయన వయసు నలభై ఆరు దాటింది. ఆ బరువులు మనకక్కర్లేదు. ఇంట్లో రెండు బకెట్లుంటే చాలు.

లీటరు నీళ్ళు కిలో బరువు. ఇంతకంటే సులువుగా పెంచుకోగలిగే, తగ్గించుకోగలిగే బరువు బజార్లో దొరకదు. రెండు బకెట్లలో మూడేసి, నాలుగేసి లీటర్లు పోసుకుని, వెన్ను నిటారుగా పెట్టి, వరండాలో ఇటు నుంచి అటు నడిచి దింపండి. కాసేపు ఆగి మళ్ళీ. నాలుగైదు సార్లు చేసేసరికి ముంజేయి బిగుసుకోవాలి, ఊపిరి మాత్రం బిగబట్టకూడదు. రక్తపోటు ఉన్నవాళ్ళు ఇది మరీ గుర్తుంచుకోవాలి. తేలికైపోయిందనిపించిన వారం ఒక మగ్గు ఎక్కువ పోసుకోవాలి. పిడి సన్నగా ఉండి వేళ్ళు కోస్తే పాత తువ్వాలు చుట్టండి. పిడి లావైన కొద్దీ పట్టుకు పని పెరుగుతుంది కూడా.

రెండోది వీపువైపు కండరాలకు. ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచెయ్యి నేలవైపు ఉండేలా మణికట్టును అంచు బయటికి పెట్టి, అర లీటరు నీళ్ళ సీసా పట్టుకుని పైకెత్తాలి. ఎత్తడం మామూలుగానే, దింపడం మాత్రం మూడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా. ఆ నెమ్మదిలోనే మేలంతా ఉంది. టెన్నిస్ ఎల్బోకు ఫిజియోథెరపిస్టులు నేర్పేది కూడా దాదాపు ఇదే. తరవాత సుత్తిని పిడి చివర పట్టుకుని, మోచెయ్యి కదపకుండా అరచెయ్యి ఒకసారి పైకి, ఒకసారి కిందికి తిప్పాలి. తాళం చెవి తిప్పే బలం ఇందులోంచే వస్తుంది. తడి తువ్వాలు పిండటం అందరికీ తెలిసిందే. ఎప్పుడూ ఒకవైపే పిండుతాం, రెండోవైపు కూడా పిండండి.

తొందర మాత్రం పనికిరాదు. మొదటి వారాల్లో పెరిగే బలంలో చాలా భాగం కండది కాదు, ఉన్న కండను నరాలు బాగా వాడుకోవడం నేర్చుకోవడమే. స్నాయువులు కండ కంటే నిదానంగా గట్టిపడతాయి. చెయ్యి సై అంటోంది కదా అని మూడో వారంలోనే బకెట్ నింపేస్తే మోచెయ్యి మొరాయిస్తుంది. చేసేటప్పుడు కాస్త లాగినట్టుండటం మామూలే. మర్నాడు పొద్దుటికీ నొప్పి తగ్గకపోతే బరువు తగ్గించాలి.

షుగరు ఉన్నవాళ్ళకు భుజం పట్టేయడం, వేలు ముడుచుకుని టక్కున తెరుచుకోవడం, రాత్రుళ్ళు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ రావడం మిగతావారి కంటే ఎక్కువ. ఆ తిమ్మిరి మణికట్టు ఇరుకుదారిలో నరం నలిగిపోతున్నందువల్ల కావచ్చు. అప్పుడు బకెట్ పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఈ మధ్యే కంటి శుక్లం ఆపరేషన్ అయినవాళ్ళు, హెర్నియా ఉన్నవాళ్ళు కూడా అడిగాకే మొదలుపెట్టాలి.

ఇక తిండి. పెద్దవయసులో కిలో ఒంటి బరువుకు రోజూ ఒక గ్రాము నుంచి 1.2 గ్రాముల దాకా మాంసకృత్తులు కావాలని నిపుణులంటారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళ లెక్క వేరు. మన విస్తట్లో అన్నం కొండంత, పప్పు గరిటెడు. కొల్లేరు పక్కనే పెట్టుకుని, ఇక్కడి చేప లారీలకెక్కి కలకత్తా దాకా వెళుతుంటే చూస్తూ కూర్చున్నాం. వంద గ్రాముల చేపలో పదహారు నుంచి ఇరవై గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి. శాకాహారులు పప్పు, పెరుగు, సెనగల పాళ్ళు పెంచుకోవాలి.

చివరిగా మణికట్టు విరిగినవాళ్ళ సంగతి. తడి గచ్చు మీద జారి, చెయ్యి ఆనించి పడితే ముంజేతి ఎముక మణికట్టు దగ్గర విరగడం యాభై దాటిన ఆడవాళ్ళలో చాలా మామూలు. 1814లోనే అబ్రహాం కోలెస్ అనే ఐరిష్ వైద్యుడు దీన్ని వర్ణించాడు. కట్టు వేశాక ఆరు వారాలూ చెయ్యి మెడకు వేలాడేసుకుని కదలకుండా కూర్చోవడం మనవాళ్ళకు అలవాటు. దాంతో భుజం కూడా పట్టేస్తుంది. డాక్టరు వద్దంటే తప్ప వేళ్ళు, మోచెయ్యి, భుజం మొదటి రోజు నుంచే కదపాలి. ఇంకో విచిత్రముంది. ఒక చేతికి వ్యాయామం ఇస్తే రెండో చేతికి కూడా కొంత బలం అందుతుంది. యాభై దాటి మణికట్టు విరిగిన స్త్రీలలో కొందరి చేత కెనడాలో బాగున్న చేతితో పట్టు వ్యాయామం చేయించారు. 2013లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, పన్నెండో వారానికి విరిగిన చేతి బలమూ కదలికా మిగతావారి కంటే మెరుగ్గా ఉన్నాయి. ఇరవయ్యారో వారానికి రెండు జట్లూ సమానమయ్యాయి. తేడా ఆ మధ్య నెలల్లోనే. జడ వేసుకోవడానికీ అన్నం కలుపుకోవడానికీ మరొకరి చెయ్యి కావలసిన నెలలు అవి.