తెలివైన పిల్లలకు తగిన నవ్వు

(వనపర్తిలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల సంగతి ముందు వక్తలు చెప్పినారు. నేను మనుమల సంగతి చెప్తాను. నాలుగో తరగతిలోనే ఏడో తరగతి పుస్తకాలు చదివే పిల్లలు మన ఇండ్లలో ఉన్నారు. చదువు ముందుకు పోయినంత మాత్రాన వయసు పోదు గదా! వారు నవ్వుకోవడానికి టీవీ పెడితే కనిపించేదేమి? లావుగా ఉన్నవారిని, నత్తివారిని ఎగతాళి చేయడం, మొగుడు పెండ్లాల మోటు మాటలు. మా తొమ్మిదేండ్ల మనుమరాలు అటువంటి మాటే ఒకటి పనిమనిషి ముందర అన్నది. ఇంట్లో పెద్దలు నవ్వినారు. ఆమె మాత్రం చీపురు తీసుకొని పెరట్లోకి పోయింది.

"తాతా, అందరు నవ్విన్రు గదా, ఆమె ఎందుకు నవ్వలె?" అని పాప అడిగింది. తిట్టడం సులభమే. టీవీ కట్టేసి దాని బదులు ఏమివ్వాలన్నదే నాకు పట్టుకున్న చింత.

మొదట "మాయాబజార్" (1957) చూపించినాను. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని మనకు తెలుసు, మగపెండ్లివారికి తెలియదు. ఆ తేడాలోనే నవ్వంతా ఉంది, పిల్లల బుద్ధికి పనీ ఉంది. పింగళి నాగేంద్రరావు గారు కొత్త మాటలు పుట్టించిన తీరు విని మా పాప కూడా మొదలుపెట్టింది. కరెంటు మాటిమాటికి పోయి వస్తుంటే దానిపేరు "పోవచ్చుడు" అట!

తరువాత ముళ్ళపూడి వెంకటరమణ గారి "బుడుగు". 1956-57లో ఆంధ్రపత్రిక వారపత్రికలో, బాపు గారి బొమ్మలతో వచ్చింది. చిన్నవాడు పెద్దలను చూసి చెప్పే మాటలవి. పలచనయ్యేది మన డాబే. అయితే అది కోస్తా మాట. మన పాలమూరు పిల్లలకు పేజీకి రెండు మాటలైనా విప్పి చెప్పవలె. తాత పక్కన కూర్చోక తప్పదు, నాకదే బాగున్నది.

పన్నెండు దాటినవారికి మొక్కపాటి నరసింహశాస్త్రి గారి "బారిష్టర్ పార్వతీశం" మొదటి భాగం (1924). తన అమాయకత్వాన్ని తానే చెప్పుకుంటాడు గనుక ఎవరికీ నొప్పి తగలదు. మన ప్రాంతపు సురవరం ప్రతాపరెడ్డి గారి (1896-1953) "మొగలాయి కథలు" పదో తరగతి దాకా ఆపండి. కచేరీల్లో పనిచేసిన మనకే అవి ముందు చదవ బుద్ధవుతుంది!

తెనాలి రామకృష్ణుని కథల్లో మోటువి కూడా ఉన్నవి. మీరు చదివి ఏరి ఇవ్వండి. పొడుపు కథలకు పైసా ఖర్చు లేదు.

"బుడుగు", "పార్వతీశం" నా దగ్గర ఒక్కొక్క ప్రతి ఉన్నవి. నెల గడువుకు ఇస్తాను. రిజిస్టరులో సంతకం మాత్రం చేయవలె, పాత అలవాటు.